తాతగారి జీపును మళ్లీ రోడ్డెక్కించడం ఎలా: రెండు పాత బండ్లతో ఒక మంచి బండి

మొదటి రోజు స్పానర్ల పెట్టె ఇంట్లోనే ఉంచి, పొడవాటి వెదురు కర్ర ఒకటి పట్టుకుని జీపు దగ్గరికి వెళ్లండి. ఏళ్ల తరబడి కదలని బండి మన డెల్టాలో ఖాళీగా ఉండదు, అందులో ఏదో ఒకటి కాపురం పెడుతుంది. అంబాజీపేట దగ్గర మా తాతగారి కొబ్బరి తోటలో, తాటాకు పాక కింద పంతొమ్మిదేళ్లు నిలిచిపోయిన జీపును మేము బయటికి లాగినప్పుడు సీటు కింది పెట్టెలో పాము కుబుసం, ఎయిర్ క్లీనరులో కందిరీగల గూడు, సైలెన్సరు గొట్టం నిండా ఎలుకలు దాచిన వడ్లు కనిపించాయి. కర్రతో ప్రతి మూలా తట్టి, ఒక రోజంతా ఎండలో వదిలి, ఆ తర్వాతే లోపల చెయ్యి పెట్టండి.

ఇక్కడ చెప్పబోయేది, వారసత్వంగా వచ్చిన పాత జీపును అదే జాతి జీపు మరొకటి కొని, దాని భాగాలతో నిలబెట్టే పద్ధతి. ఆ రెండో దాన్ని షెడ్లలో పార్టుల బండి అంటారు. నేను ఇచ్చే కొలతలు మా బండివి: మహీంద్రా సీజే-3బి, నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, 80 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం). మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల కూర్పుతో ఈ దారి పట్టింది. ఎత్తైన బానెట్టు ఉండే సీజే-3బి అమెరికాలో 1953 నుంచి 1968 వరకు తయారైతే, మన దేశంలో ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు తయారైంది. అందుకే ఇప్పటికీ ఒకదానికి మరొకటి పనికొచ్చే భాగాలు దొరుకుతున్నాయి. మీది వేరే మోడలైతే అంకెలు మారతాయి, పని వరుస మారదు.

ముందుగా ఒక్క మాట గట్టిగా చెప్పాలి. రెండు బండ్లతో పని మొదలుపెట్టినవారు సగంలో ఆగిపోవడానికి నేను చూసిన ప్రధాన కారణం ఆత్రం. రెండింటినీ ఒకేసారి విప్పేస్తారు. మూడు నెలల తర్వాత షెడ్డు నిండా ఇనుము ఉంటుంది, ఏ బోల్టు ఎక్కడిదో చెప్పే మనిషి ఉండడు. పార్టుల బండిని చివరిదాకా నాలుగు చక్రాల మీద నిలబెట్టి ఉంచండి. మీ బండిలో ఒక భాగం విప్పి, రెండోదానిలో అదే భాగం ఎలా కూర్చుందో చూసి, అవసరమైతే అప్పుడే దాన్ని తీసుకోండి. ఆ బండిని మొదట చూసి నేర్చుకోవడానికి కొంటున్నారు, భాగాలు తీసుకోవడం తర్వాతి సంగతి.

కాగితాలు

ఆర్సీ పుస్తకం వెతకండి. అది తాతగారి పేరు మీదే ఉండిపోయి ఉంటుంది. యజమాని మరణించినప్పుడు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 కింద, ఫారం 31తో వారసుల పేరుకు మార్చుకోవాలి. నిబంధన ప్రకారం 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేసి, 3 నెలల్లో దరఖాస్తు ఇవ్వాలి. మన ఇళ్లలో అలా జరగడం అరుదు కాబట్టి ఆలస్యానికి కట్టాల్సింది కట్టడానికి సిద్ధపడండి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం కావాలి. మా ముగ్గురు మేనత్తల సంతకాలకు పట్టిన కాలం ఇంజను విప్పడానికి పట్టిన కాలం కన్నా ఎక్కువ. అయినా అది దాటవేయదగిన పని కాదు. వాళ్లు చిన్నప్పుడు ఆ జీపు వెనక సీట్లో కూర్చుని అంతర్వేది తీర్థానికి వెళ్లినవారు. అడిగి సంతకం చేయించుకుంటేనే ఆ బండి మీకు నిజంగా వచ్చినట్లు.

సొంత వాహనానికి మొదటి 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ 5 ఏళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, దానికి ఫారం 25. బండి మొదట రిజిస్టరై 50 ఏళ్లు దాటితే మరో దారి ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల కింద ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు, రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. పార్టుల బండి కొనకముందే ఈ షరతు గుర్తుంచుకోండి. దాని నుంచి ఏం తీసుకోవాలో, ఏం తీసుకోకూడదో సగం ఇదే తేల్చేస్తుంది.

మీ ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్సీతో సరిపోతున్నాయేమో ఇప్పుడే చూడండి. కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడిచి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకుని భద్రపరచండి. ఆ నంబరున్న చోట శాండ్ బ్లాస్టింగ్, గ్రైండింగ్, పుట్టీ ఏవీ తగలకూడదు. గ్రీజు పూసి దళసరి టేపు చుట్టి, పని చేసే ప్రతి మేస్త్రికీ చెయ్యి పెట్టి చూపించండి. చెరిగిపోయిన నంబరును రవాణా కార్యాలయం అనుమతి లేకుండా మళ్లీ కొట్టించడం నేరం, ఎవరు సలహా ఇచ్చినా వినకండి.

సుత్తితో వినడం

చిన్న సుత్తి తీసుకుని ఛాసిస్ పొడవునా తట్టండి. మంచి ఇనుము గంటలా పలుకుతుంది. తుప్పు తిన్న ఇనుము తడిసిన అట్టలా మొద్దుగా పలుకుతుంది. అలా పలికిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టి, స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. వెనక కమాను పట్టీలు వేలాడే బ్రాకెట్లు, వెనక అడ్డ కమ్మీ, బాడీ కూర్చునే మౌంటింగులు, ముందు బంపరు పట్టిన కొసలు: ముందుగా పోయేవి ఇవే.

మన ప్రాంతంలో తుప్పు పైనుంచి కన్నా లోపలినుంచి ఎక్కువ తింటుంది. గోదావరి ఒండ్రు ఛాసిస్ లోపలి అంచుల మీద పేరుకుని ఇటుకలా గట్టిపడుతుంది, లోపల మాత్రం తేమ వదలదు. సముద్రపు గాలి ఉప్పును తెస్తుంది. భీమవరం, నరసాపురం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండి అయితే ఉప్పునీరు నేరుగానే తగిలి ఉంటుంది. పాకలో జీపు కింద కొబ్బరి డొక్కలు పోసి ఉంచే అలవాటు మరీ ప్రమాదకరం, అవి వర్షాకాలమంతా తేమను పట్టి ఉంచి అడుగు నుంచి ఆవిరి పడతాయి. మా జీపు అడుగు సగం తినేసింది అదే.

కడగడానికి కాలువ నీళ్లు వాడండి. తీరం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే తుప్పుకు మళ్లీ మేత వేసినట్లే. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు కాబట్టి ఆ పని అంతకుముందే ముగించండి.

ఛాసిస్‌లో ఒక జానెడు, మూరెడు భాగం పోతే బాగు చేయవచ్చు. తుప్పు ముక్కను పూర్తిగా కోసి, అదే మందం రేకుతో అతికి, పైన ఇరువైపులా కొసలు ఏటవాలుగా కోసిన పట్టీ వేయించండి. ఛాసిస్‌కు అడ్డంగా నిటారు గీతలా వెల్డింగు చేస్తే అక్కడే మళ్లీ విరుగుతుంది. పార్టుల బండి ఛాసిస్ నుంచి ముక్క కోసుకుంటే మందం, వంపు రెండూ సరిగ్గా కుదురుతాయి. అతకడానికి ముందు సిమెంటు నేల మీద తూకం గుండు వదిలి నాలుగు మూలలూ గుర్తించి, రెండు కర్ణాలూ టేపుతో కొలవండి. అయిదారు మిల్లీమీటర్ల కన్నా తేడా ఉంటే ఛాసిస్ వంకర పోయిందన్నమాట.

ఛాసిస్ మొత్తమే పోయి ఉంటే? అప్పుడు పార్టుల బండి ఛాసిస్ మీద మీ బాడీ కూర్చోబెడితే, చట్టం దృష్టిలో అది రెండో బండి అవుతుంది. మీ నంబరున్న ముక్కను కోసి దానికి అతికించే పనివారున్నారు. ఆ పని చేయించకండి, చేసినవారి దగ్గర కొనకండి. అలాంటి స్థితిలో కాగితాలు సరిగ్గా ఉన్న రెండో బండిని మీ పేరుకు మార్చుకుని, తాతగారి జీపు నుంచి స్టీరింగు చక్రం, గ్రిల్లు, సీట్లు దానికి పెట్టుకోవడం నిజాయితీ గల దారి.

పార్టుల బండి ఎంపిక

విజయవాడ ఆటోనగర్‌కు వెళితే విడి భాగాలు దొరుకుతాయి, కానీ మీకు కావలసింది నిలబడి ఉన్న పూర్తి బండి. అది ఊళ్లలోనే దొరుకుతుంది: రైసు మిల్లు వెనక, ఇటుక బట్టీ దగ్గర, మూతపడిన షెడ్లలో. మెట్ట ప్రాంతంలో వెతకండి. తాడేపల్లిగూడెం దాటి పైకి పోయినకొద్దీ ఇనుము ఆరోగ్యం మెరుగ్గా ఉంటుంది. మేము మొదట లంక ఊళ్లో ఒక జీపు చూసి, ధర తక్కువని అడ్వాన్సు ఇచ్చేశాం. డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్య చక్రాలను తిప్పే గేర్ల గోళం) నూనె మజ్జిగలా తెల్లగా వచ్చింది, హెడ్‌లైటు గిన్నెలో ఒండ్రు ఉంది. వరదలో మునిగిన సంగతి అమ్మినాయన చెప్పలేదు, అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు. మీరు మాత్రం 1986 ఆగస్టు వరదలప్పుడు, 1996 నవంబరు తుపానప్పుడు, 2022 జూలై వరదలప్పుడు బండి ఎక్కడ ఉందో ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. ఎవరి ఇంట్లో ఎంత ఎత్తు నీళ్లు వచ్చాయో వాళ్లకు బాగా గుర్తుంటుంది. ఆ తర్వాత స్పీడోమీటరు అద్దం వెనక, టూల్ బాక్సు మూలల్లో, పెట్టె కమ్మీల లోపల వేలు పెట్టి ఒండ్రు ఉందేమో చూడండి. ఇంజను, గేరుబాక్సు, డిఫరెన్షియళ్ల నూనె కాస్త కాస్త తీసి గాజు సీసాలో పోసి చూడండి.

మోడలు దగ్గరిదైతే చాలదు, నాలుగు సంగతులు కలవాలి. వీల్‌బేస్: సీజే-3బికి 80 అంగుళాలు, తర్వాత వచ్చిన ఎంఎం 540కి 91, వెనక బాడీ పలకలు, ప్రొపెల్లర్ షాఫ్టు (ఇంజను తిప్పుడును యాక్సిల్‌కు చేర్చే పొడవాటి గొట్టం) ఒకదానివి మరొకదానికి రావు. డిఫరెన్షియల్ గోళం ఏ వైపు ఉంది: సీజే-3బిలో అది మధ్యలో ఉండదు, కుడివైపుకు జరిగి ఉంటుంది, ఎందుకంటే ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) నుంచి షాఫ్టు అటువైపే బయటికి వస్తుంది. ఇంజను ఏది: మన జిల్లాల్లో పెట్రోలు ఖర్చు భరించలేక చాలా జీపులకు డీజిలు ఇంజన్లు బిగించారు, వాటి క్లచ్చు హౌసింగు, ఇంజను మౌంటింగులు వేరు. నాలుగోది యాక్సిల్ నిష్పత్తి. దీని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి.

యాక్సిల్ నిష్పత్తి

చక్రాలు ఒక్క చుట్టు తిరగడానికి షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో అదే యాక్సిల్ నిష్పత్తి. ఫోర్-వీల్ బండిలో ముందు డిఫరెన్షియల్ నిష్పత్తి, వెనక డిఫరెన్షియల్ నిష్పత్తి ఒక్కటే అయి ఉండాలి. సీజే-3బిలో అది 5.38, అంటే పీనియనుకు (షాఫ్టు తిప్పే చిన్న గేరు) 8 పళ్లు, క్రౌనుకు (పీనియను తిప్పే పెద్ద గేరు) 43. తర్వాతి బండ్లలో 4.88 వంటి వేరే నిష్పత్తులు కూడా ఉన్నాయి. పైకి హౌసింగు అచ్చంగా ఒకేలా ఉంటుంది. వెనక యాక్సిల్ పాడైందని రెండో బండిది తెచ్చి బిగిస్తే టూ-వీల్‌లో ఏ తేడా తెలియదు. ఫోర్-వీల్ వేసిన రోజు ముందు చక్రాలు ఒక లెక్కన, వెనక చక్రాలు మరో లెక్కన తిరగాలని లాగుతాయి, ఆ పెనుగులాటలో ట్రాన్స్‌ఫర్ కేసు పళ్లు గానీ జాయింటు క్రాసులు గానీ తెగుతాయి.

విప్పకుండానే కొలిచే పద్ధతి ఉంది. గేరు న్యూట్రల్‌లో, టూ-వీల్‌లో పెట్టి, ఒక వెనక చక్రాన్ని మాత్రం జాకీతో లేపండి. రెండోది నేల మీద కదలకుండా ఉండాలి. లేపిన చక్రం మీద, ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దతో గీతలు పెట్టండి. చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ఈలోగా షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే మీ నిష్పత్తి. అయిదు చుట్లూ, పైన మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ తిరిగితే 5.38. ఫ్రీ వీలింగ్ హబ్బులు (ముందు చక్రాలను యాక్సిల్ నుంచి విడదీసే మీటలు) ఉంటే వాటిని లాక్ చేసి ముందు యాక్సిల్‌కూ ఇలాగే చూడండి. ఇద్దరు మనుషులు, పది నిమిషాల పని. రెండో బండి కొనడానికి వెళ్లినప్పుడే చేయండి.

ఈ పని చేసేటప్పుడు ఒక జాగ్రత్త ప్రాణానికి సంబంధించినది. సీజే-3బి హ్యాండ్ బ్రేకు చక్రాలను పట్టదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, షాఫ్టు మీద ఉన్న డ్రమ్మును పడుతుంది. కొలత కోసం దాన్ని వదలాలి. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పినా, ఒక చక్రం లేపినా అది బండిని ఆపలేదు. చక్రాల ముందూ వెనకా దుంగలు పెట్టకుండా కిందికి దూరకండి.

విడదీయకూడని జంటలు

రెండు బండ్ల భాగాలు కలిసిపోయే చోట ఈ నియమం గోడ మీద రాసి పెట్టుకోండి. కొన్ని భాగాలు కలిసి పుట్టాయి, కలిసి అరిగాయి, వాటిని కలిపే తీసుకోవాలి. క్రౌనూ పీనియనూ ఒక జంట. మీ క్రౌను బాగుందని, రెండో బండి పీనియను పదునుగా ఉందని కలిపితే పది కిలోమీటర్లలో కూత పెడతాయి. ఇంజను బ్లాకూ, దాని మెయిన్ బేరింగు క్యాపులూ ఒకటే కుటుంబం, ఆ క్యాపులను బ్లాకుకు బిగించి ఉంచే బోరు చేసి ఉంటారు. కనెక్టింగ్ రాడ్డూ దాని క్యాపూ అంతే. రోలరు బేరింగు లోపలి కోనూ బయటి కప్పూ కూడా అంతే. విప్పినవెంటనే జంటలను తీగతో కలిపి కట్టి, రేకు ముక్క మీద నంబరు కొట్టి తగిలించండి.

చిన్న బోల్టులకు మేము కొబ్బరి చిప్పలు వాడాం. లోపల కిరోసిన్ పోసి, బయట రంగుతో నంబరు వేసి, అటక మీద వరుసగా పెట్టాం. మా బండివాటికి తెల్ల అంకెలు, రెండోదానివాటికి ఎర్ర అంకెలు. నూట నలభై చిప్పలు అయ్యాయి. ప్రతి భాగాన్నీ విప్పకముందు ఫోనుతో మూడు వైపుల నుంచి ఫోటో తీయడం కూడా ఆ పనిలో భాగమే.

వెనక హబ్బు విప్పడానికి తగిన పుల్లరు సంపాదించండి. యాక్సిల్ కొస ఏటవాలుగా ఉండి, హబ్బు దాని మీద బిగుసుకుపోయి ఉంటుంది. సుత్తితో కొస మీద కొడితే ఆ దెబ్బ లోపల బేరింగులకు తగిలి, మంచి యాక్సిల్ కూడా పనికిరాకుండా పోతుంది. పుల్లరు బిగించి, ఒక రాత్రి అలా వదిలేయండి. తెల్లవారేసరికి దానంతట అదే టక్కుమని వదిలేయడం నేను రెండుసార్లు చూశాను.

ఇంజను

మీ బ్లాకునే ఉంచుకోవడానికి చివరిదాకా ప్రయత్నించండి. నంబరు దానిమీదే ఉంది. వేరే ఇంజను పెడితే ఆర్సీలో మార్పించుకోవాలి, అది సెక్షన్ 52 వ్యవహారం. ఇంధనమే మారితే ముందుగా అనుమతి కావాలి.

పట్టేసిన ఇంజనును తాడు కట్టి ట్రాక్టరుతో లాగి తిప్పకండి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండరులో డీజిలూ గేరు నూనే సమానంగా కలిపి అరగ్లాసు చొప్పున పోయండి. వారం రోజులు రోజూ కాస్త పోస్తూ, ఆ తర్వాత ముందు హ్యాండిలుతో అటూ ఇటూ వేలెడంత కదపండి. కదలడం మొదలైతే చాలు, ఒకే రోజు పూర్తి చుట్టు తిప్పాలని పట్టుబట్టవద్దు. ఈ ఇంజనులో ఇన్‌లెట్ వాల్వులు హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉంటాయి. హెడ్డు తీశాక ఎగ్జాస్ట్ సీటుకూ సిలిండరుకూ మధ్య సన్నని పగులు ఉందేమో భూతద్దంతో చూడండి. మా బ్లాకులో రెండో సిలిండరు దగ్గర అనుమానంగా కనిపిస్తే లేత్ పని చేసే మేస్త్రి సుద్ద పొడీ కిరోసిన్ పరీక్షతో తేల్చారు: కిరోసిన్ రాసి, తుడిచి, సుద్ద పొడి చల్లితే పగులులో మిగిలిన కిరోసిన్ గీతలా పైకి వస్తుంది. మాకు రాలేదు. ఆ సాయంత్రం ఇంట్లో అందరికీ పాయసం వండారు.

బోరు మొదటి కొలత 3 1/8 అంగుళాలు. అరుగుదల కొలిచి, తగిన సైజు పిస్టన్లు చేతికి వచ్చాకే బోరు చేయించండి. క్రాంకును మైక్రోమీటరుతో కొలవండి, మీదీ రెండోదీ రెండూ. తక్కువ అరిగినది వాడండి. హెడ్డు, మానిఫోల్డు, డిస్ట్రిబ్యూటరు, స్టార్టరు, కార్బొరేటరు: వీటిలో మెరుగైనది ఎటునుంచైనా తీసుకోవచ్చు. ఫైరింగు వరుస 1-3-4-2.

పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రం మాత్రం ఏ పాత బండివీ పనికిరావు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు దానికి ఉబ్బి, మెత్తబడి, పగిలిపోతుంది. ఇథనాల్ నీటిని కూడా పట్టుకుంటుంది కాబట్టి, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచితే మన తేమ గాలిలో అడుగున తుప్పు తప్పదు. ట్యాంకుకు చిల్లులుంటే, ఖాళీగా ఉంది కదా అని వెల్డింగు చేయించకండి. ఏళ్ల క్రితం ఎండిపోయిన ట్యాంకులో కూడా ఆవిరి మిగిలి పేలుతుంది. సోడా నీళ్లతో పలుమార్లు కడిగించి, తెలిసిన రేడియేటరు మేస్త్రికి ఇవ్వండి.

గేరుబాక్సుకు వేసే 90 నూనె జీఎల్-4 రకమై ఉండాలి. జీఎల్-5 లోపలి ఇత్తడి రింగులను తినే ప్రమాదం ఉంది. గేరుబాక్సు నూనె ట్రాన్స్‌ఫర్ కేసులోకి నెమ్మదిగా దిగిపోవడం ఈ బండ్లలో మామూలే, నెలకోసారి రెండింటి మట్టమూ చూడండి.

బ్రేకులు

ఇందులో పొదుపు లేదు, పార్టుల బండి నుంచి ఏమీ తీసుకోకండి. పాత సీజే-3బిలో మాస్టర్ సిలిండరు ఒకటే సర్క్యూటు. ఒక్క గొట్టానికి సూది మొనంత చిల్లు పడినా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు, గొట్టాలు, హోసులు, షూలు అన్నీ కొత్తవి. రాగి గొట్టాలు చవకగా, సులువుగా వంగుతాయని ఇస్తారు. అవి కంపనానికి పగులుతాయి, ఉక్కువే వేయించండి. డ్రమ్ములు విప్పినప్పుడు ధూళిని గాలితో ఊదకండి, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పాతిపెట్టండి.

బాడీ, రంగు

వర్షాలు మొదలయ్యాక రంగు వేయకండి. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి, ఉగాది చుట్టుపక్కల రంగు పూర్తయ్యేలా పని నడపండి. తేమ గాలిలో వేసిన రంగు పాలిపోయి, ఏడాదిలో పొక్కులు లేస్తుంది.

అడుగు రేకు తుప్పు పట్టిన మేరకు కోసి, పార్టుల బండి నుంచి ఒక అంగుళం ఎక్కువ కొలతతో ముక్క కోసి తెచ్చుకోండి. అసలు అచ్చులో వచ్చిన గీతలు, మడతలు అందులో ఉంటాయి, కొత్త రేకుకు అవి రావు. పుట్టీ గోరు మందం దాటితే మేస్త్రిని ఆపి, సొట్టను సుత్తితోనే తీయమనండి. మందంగా పూసిన పుట్టీ కింద తుప్పు మనకు తెలియకుండా పెరుగుతుంది.

అన్ని సొట్టలూ తీయనక్కరలేదని కూడా నా అభిప్రాయం. 1996 తుపాను రాత్రి కొబ్బరిచెట్టు విరిగి మా జీపు కుడి మడ్‌గార్డు మీద పడింది. మర్నాడు తాతగారు ఆ చెట్టు నరికించి, అదే జీపులో బియ్యం, మంచినీళ్లు వేసుకుని ముమ్మిడివరం వైపు వెళ్లారు. మడ్‌గార్డును శుభ్రం చేసి, ప్రైమరు వేసి, రంగు వేశాం. ఆ సొట్ట అలాగే ఉంది.

ఛాసిస్ లోపల కాలిన ఇంజను నూనె పూయడం మన దగ్గర అలవాటు. అది కమాను బుష్షుల రబ్బరును తినేస్తుంది, దుమ్మును పట్టి మళ్లీ తేమను నిలుపుతుంది, పొలంలో కారుతుంది. మైనం కలిసిన తుప్పు నిరోధక ద్రవం గొట్టంతో లోపలికి కొట్టించండి. నీరు కారే రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి.

వైరింగు పాతది వాడవద్దు. మొత్తం కొత్త తీగలు, ప్రతి లైనుకూ ఫ్యూజు. రెండు రోజుల పని.

మొదటి ప్రయాణాలు

మొదట ఇంటి ముందు, మొదటి గేరులో, బ్రేకు మాత్రమే పరీక్షించండి. తర్వాత కాలువ గట్టు మీద కాకుండా, రెండు వైపులా ఖాళీ ఉన్న దారిలో నడపండి. స్టీరింగు గానీ బ్రేకు గానీ తప్పితే గట్టు క్షమించదు. ముందు చక్రాల టో-ఇన్ కొలవండి, ముందువైపు దూరం వెనకవైపు కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి.

ఫోర్-వీల్ పరీక్షకు తారు రోడ్డు వాడకండి, మలుపుల్లో చక్రాలు జారే వీలు లేక గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. దాళ్వా కోతలయ్యాక ఎండిన మడిలోగానీ, గోదావరి ఇసుకలోగానీ పరీక్షించండి. ఇసుకలో టైర్ల గాలి సగానికి తగ్గించి, తిరిగి రోడ్డెక్కే ముందు నింపుకోండి. సముద్రం ఒడ్డుకు తీసుకువెళ్లిన రోజు రాత్రే మంచినీటితో అడుగంతా కడగాలి.

50 కిలోమీటర్లకు ఒకసారి, 500 కిలోమీటర్లకు మరోసారి యూ బోల్టులు, చక్రాల నట్లు, ఇంజను మౌంటింగులు బిగించండి. మొదటి 500 కిలోమీటర్లు ఇంజను మీద భారం వేయకండి, ఆ తర్వాత నూనె మార్చండి.

ఇక మిగిలిన పార్టుల బండి సంగతి. మీ జీపు ఒక వర్షాకాలం తిరిగేదాకా దాన్ని తూకానికి వేయకండి. అందులో మిగిలిన క్రౌను-పీనియను జంట, ట్రాన్స్‌ఫర్ కేసు గేర్లు, యాక్సిళ్లు కడిగి, గ్రీజు పూసి, నూనె గుడ్డలో చుట్టి, మీద పేరు రాసి అటక ఎక్కించండి. మిగతా ఇనుమును వదిలేయాలని నిర్ణయించిన రోజు, ఆ బండి శాశ్వతంగా పనికిరాదని సెక్షన్ 55 ప్రకారం 14 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేసి దాని ఆర్సీ అప్పగించండి. ఆ కాగితం నకలు మీ జీపు ఆర్సీతో పాటే ఒకే సంచిలో ఉంచండి.